చివర నిలబడ్డవాళ్ళ కోసం ఒక లెన్సు

సత్తుపల్లి దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. అందులో స్టేజీ వెనక గోడకి, అద్దాల ఫ్రేములో ఒక పెద్ద ఫోటో వేలాడుతుంటుంది. కోలగా కత్తిరించిన తెల్ల అట్ట మధ్యలోంచి ఊటవాగు అనే ఊరు మనవైపు చూస్తుంటుంది. పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళు భోజనాల పిలుపు వచ్చేదాకా దాని ముందు నిలబడి, "ఎంత స్పష్టంగా వచ్చిందో చూడండి, మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు" అని మెచ్చుకుంటారు. నిజమే, లెక్కపెట్టొచ్చు. ఎవరి మీసంలో అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ ఫోటో తీసిన సంసోను ఆ హాల్లో అడుగుపెట్టడు. ఫోటోలు తీయమని పిలిచినా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు. పొగరు అంటారు కొందరు. అతనికి ఆ రోజు కాస్త పొగరు ఉండుంటే ఫోటో అలా వచ్చేదే కాదు.

సంసోను ఊటవాగు వాడలో పుట్టాడు. ఇప్పుడు ఊటవాగు లేదు. అది ఉన్నచోట బొగ్గు గొయ్యి ఉంది. గొయ్యి చుట్టూ తవ్విపోసిన మట్టి గుట్టలున్నాయి. ఊరున్న రోజుల్లో నడుమ పెద్ద రైతుల ఇళ్ళు, పడమర చర్చి ఉన్న వాడ, తూర్పున అడవి మొదలయ్యేచోట తండా. వాడలో మొదటి ఇల్లు సంసోను వాళ్ళది. తండ్రి జయరాజ్ మిషన్ బంగ్లాలో వాచ్‌మన్. తల్లి చిన్నప్పుడే పోయింది, కొన్నేళ్ళకి తండ్రి కూడా పోయాడు. పెంచింది అక్క సవరమ్మ. ఆమెకి పెళ్ళైన కొద్దికాలానికే మొగుడు పోతే, కుట్టుమిషను ఒకటి నెత్తిన పెట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చి, ఊరందరి జాకెట్లూ కుట్టి తమ్ముణ్ణి సాకింది. వాడలో జాకెట్లే కాదు, నడుమ ఊళ్ళో జాకెట్లు కూడా ఆమే కుట్టేది. కొలతలు తీసుకోడానికి మాత్రం ఎవరూ ఆమెని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, పాత జాకెట్టు అరుగు మీద పెట్టేవాళ్ళు. అది చూసి కుట్టుకోవాలి.

సంసోను ఫోటోగ్రాఫర్ ఎందుకయ్యాడో చెప్పాలంటే ఒక భుజం గురించి చెప్పాలి. ఊళ్ళో బడి కట్టినప్పుడు ఖమ్మం నుంచి ఎవరో వచ్చి ఊరి ఫోటో తీశారు. దాన్ని పెద్ద రైతు వెంకటరామారావు గారి చావడిలో తగిలించారు. ఊరందరి ఫోటో అన్నారు. ఎడమ అంచున, ఫ్రేము చెక్క మొదలయ్యేచోట, తుండుగుడ్డ వేసుకున్న ఒక సగం భుజం ఉంటుంది. అది జయరాజ్ భుజం. ఆ మనిషి బతికిన బతుకంతటికీ మిగిలిన ఫోటో అదొక్కటే. జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా సవరమ్మ తమ్ముణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి, "గదిగో, తుండుగుడ్డ కనపడతందే, గది నాయన" అని చూపించేది. తండ్రిని చూడాలంటే పరాయివాళ్ళ గుమ్మం దగ్గర మెడ చాచాల్సి రావడం పిల్లవాడికి ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

పెద్దయ్యాక సత్తుపల్లిలో సెంటర్ దగ్గర సన్నటి గది ఒకటి కిరాయికి తీసుకుని, భార్య పేరున మహిమ ఫోటో స్టూడియో అని బోర్డు పెట్టాడు. గది వెడల్పు ఎంతంటే, ఒక మనిషి నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అందులోనే జలపాతం బొమ్మ తెర, స్టూలు, గొడుగు లైట్లు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, చావు ఫోటోలు. అన్నీ తీశాడు. మంచి పేరు తెచ్చుకున్నాడు. రెండువేల సంవత్సరం దాటి నాలుగేళ్ళు గడిచేసరికి డిజిటల్ కెమెరాలొచ్చాయి. పక్క షాపు కుర్రాళ్ళు కంప్యూటర్లో పెళ్ళికొడుకుని తాజ్‌మహల్ ముందు నిలబెట్టి ఇస్తుంటే, ఇతని జలపాతం ముందు ఎవరు నిలబడతారు? రోజంతా స్టూలు మీద తనే కూర్చుని ఈగలు తోలుకునేవాడు.

అప్పుడే ఊరు ఖాళీ చేయాలన్న మాట ఖాయమైంది. ఊరి కింద బొగ్గుంది. నడుమ ఊరికి రోడ్డు పక్కన కాలనీ, వాడకి ఇంకోచోట చెరువు వెనక స్థలం, తండాకి అడవి అంచున మరెక్కడో. ఒక్క ఊరు మూడు ముక్కలు కాబోతోంది. సవరమ్మ మామూలుగా సత్తుపల్లి రాదు. ఆ రోజు బస్సెక్కి వచ్చింది. స్టూడియోలో కూర్చోకుండా నిలబడే అంది.

"తమ్ముడూ, పోయేలోపు ఊరు ఊరంతా కలిపి ఒక్క ఫోటో తియ్యి. నాయన లెక్క భుజం కాదు. చివరికి నిలబడ్డోళ్ళ మొకం గూడ గుర్తుపట్టాలె. రేపు పిల్లలకి మేం గీ ఊరోళ్ళమే అని చూపిద్దామంటే ఏదన్న ఉండాలె గద."

"తీస్త అక్కా."

"మాటియ్యి."

ఇచ్చాడు. సంసోను జీవితంలో చేసిన పెద్ద పని ఏమన్నా ఉంటే ఆ మాట ఇవ్వడమే. దాన్ని నిలబెట్టుకోడానికి అతను పడ్డ పాట్లు నిజంగా చెప్పుకోదగ్గవి. అందుకే నాకు ఇంకా కోపం.

ఊరు మొత్తాన్ని మామూలు కెమెరాతో తీస్తే, బొటనవేలంత ఫిల్ము మీద అంతమంది పడాలి. దాన్ని పెద్దది చేస్తే నడుమనున్న మొహాలు మొహాల్లా ఉంటాయి, చివరనున్నవి బొంబాయి రవ్వలా విడిపోతాయి. ఈ సంగతి సంసోనుకి బాగా తెలుసు. ఫిల్మే ఫోటో అంత పెద్దదిగా ఉంటే, పెద్దది చేసే పనే ఉండదు. కాగితం మీద ఫిల్ము పెట్టి లైటు వేస్తే ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, ఎక్కడా ఏమీ చెదరదు. అలాంటి కెమెరా ఒకటి అతని ఇంట్లోనే అటక మీద ఉంది. మిషన్ బంగ్లా అమ్మేసిన రోజు, పూర్వపు దొరసాని వదిలేసి వెళ్ళిన పెద్ద టేకు పెట్టె ఒకటి జయరాజ్ ఇంటికి మోయించుకొచ్చాడు. వెనకవైపు పన్నెండంగుళాల ఎత్తు, పదిహేనంగుళాల వెడల్పు ఫిల్ము పట్టే పెట్టె. ఇద్దరు మోయాల్సిన బరువు. లోపలి తోలు సంచి ఎలుకలు కొట్టేశాయి. వెనక అద్దం పగిలింది. ముందు లెన్సు ఎప్పుడో పోయింది, ఉన్నచోట గుండ్రటి బొక్క మిగిలింది.

ఫోటోలో ఏం పడుతుందో ముందే చూసుకునే ఆ అద్దాన్ని సంసోను గరుకు పొడితో రుద్ది తనే తయారుచేసుకున్నాడు. ముందుకీ వెనక్కీ సాగే సంచి సవరమ్మ కుట్టింది. వాడంతా తిరిగి పాత గొడుగులు అడుక్కొచ్చింది. నల్లగుడ్డ రెండు పొరలు వేసి, మధ్యలో అట్టముక్కలు పెట్టి, గంజి రాసి, మడతమీద మడత కుట్టింది. ఏ లెన్సు దొరుకుతుందో తెలియదు కనక, పొడుగ్గానే కుట్టమన్నాడు. మోకాలి నుంచి మెడ దాకా వచ్చేంత పొడుగు కుట్టి, ఎండలో పట్టుకుని లోపల తల దూర్చి ఎక్కడైనా చుక్క వెలుగు వస్తోందేమో చూసుకుంది. రాలేదు. ఫిల్ము సంగతి జస్టిన్ చూసుకున్నాడు. జస్టిన్ సంసోనుకి చిన్నప్పటి స్నేహితుడు, మిషన్ దవాఖానాలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము సరిగ్గా పన్నెండు పదిహేనే. దొరసాని పెట్టె, దవాఖానా ఫిల్ము ఒకదానికొకటి పుట్టినట్టు కుదిరేసరికి, ఇద్దరూ దాన్ని దేవుడి చిత్తమే అనుకున్నారు.

ఇక లెన్సు. ప్రతి లెన్సూ ఫిల్ము మీద గుండ్రటి వెలుగు వేస్తుంది, జొన్నరొట్టెలాగా. ఆ రొట్టెలో ఫిల్ము నాలుగు మూలలూ ఇమడాలి. ఇమడకపోతే మూలలకి వెలుగు చేరదు, అక్కడ ఉన్నది నల్లగా పోతుంది. సంసోను దగ్గరున్న లెన్సులన్నీ ఒక్కొక్కటే ఆ బొక్కలో పెట్టి చూశాడు. ఒకటి వెనక అద్దం మీద బిస్కెట్టంత వెలుగు వేసింది. ఇంకొకటి సాసరంత. హైదరాబాదు పోయి కోఠీలో షాపుషాపూ తిరిగాడు. ఒక షాపతను పెట్టె కొలతలు విని, ఇంకోసారి చెప్పమని, పక్క షాపువాణ్ణి పిలిచి వాడికి కూడా చెప్పించి, ఇద్దరూ కలిసి నవ్వారు.

చివరికి ఖమ్మంలో దొరికింది. వీరన్న అని ఒక ప్రెస్సులో కెమెరా మనిషి. పేపరు పేజీలని పెద్ద కెమెరాతో ఫోటో తీసి అచ్చుకి ప్లేట్లు చేసేవాడు. కంప్యూటర్లొచ్చాక ఆ కెమెరా మూలబడింది, వీరన్న కూడా దాంతోపాటే మూలబడ్డాడు. ప్రెస్సు వాళ్ళు దాన్ని పాత ఇనుము కింద పంపించేయబోతున్నారు. దానికి రెండు లెన్సులు. లెన్సుకి అంగుళాలంటే సైజు కాదు, దూరపు బొమ్మ కుదరాలంటే ఫిల్ముకి ఎంత ఎడంలో ఉండాలన్నది. ఒకటి పద్నాలుగంగుళాలది, అరచేతిలో పట్టేంత. ఇంకొకటి ఇరవైనాలుగంగుళాలది, సొరకాయంత.

"గీ చిన్నది చాలా నీకు?" అన్నాడు వీరన్న. దండెం మీద ఆరేసిన పాత ఫిల్ము ఒకటి తెచ్చి వెలుతురుకి పట్టాడు. పేపరు పేజీ మొత్తం, పైన పేరు నుంచి కింద సంతాప ప్రకటన దాకా, ఈ మూల నుంచి ఆ మూల దాకా, అక్షరం చెదరకుండా ఉంది. "చూడు. నీ పదిహేనంగుళాలు దీనికో లెక్కనా? పేజీకి పేజీ మింగుతది."

"పెద్దది పెడితేనో?"

"అది పెడితే నువ్వు బాగ ఎనక్కి పోవాలె. ఎనక జాగ ఉంటే పెట్టుకో. నేనైతే బయట ఎన్నడు తియ్యలే, నాకెరుక లేదు. నేను తీసేదల్ల గోడకి అంటించిన పేపరే."

వెనక జాగా. మొత్తం కథ అక్కడే ఉంది. చర్చి ముందు పొలం ఉంది, ఎంత వెనక్కి కావాలంటే అంత వెనక్కి పోవచ్చు. అక్కడ తీస్తే పెద్ద లెన్సు చక్కగా సరిపోతుంది. సంసోను వెంకటరామారావు గారింటికి వెళ్ళి, చర్చి ముందు తీద్దామా అని అడిగాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. గొంతు పెంచి మాట్లాడిన పాపాన పోలేదు. నవ్వుతూనే అన్నాడు.

"అంత దూరం ఆడోళ్ళు ఏం వస్తారయ్యా ఎండలో. బడి ముందర తియ్యి. అందరికీ మధ్యన ఉంటది."

చర్చి నుంచి బడికి కల్లు తాగినవాడు కూడా పడకుండా నడవగలడు, అంత దగ్గర. కానీ వాడలోకి వచ్చి ఫోటోకి నిలబడటం వేరు. అది ఆయనా అనలేదు, ఇతనూ అనలేదు. "అట్నే అయ్యా" అని వచ్చేశాడు. బడి ముందు జాగా తక్కువ. వెనక బొగ్గు కంపెనీ వాళ్ళు తవ్విన కందకం ఉంది. కందకం ఒడ్డున నిలబడినా సొరకాయ లెన్సులోంచి ఊళ్ళో సగంమందే పడతారు. చిన్న లెన్సైతే అందరూ పడతారు. కాబట్టి చిన్నదే.

చిన్నది సరిపోతుందా లేదా అని అతను చూసుకోకపోలేదు. స్టూడియోలో పెట్టె నిలబెట్టి, జలపాతం తెర మీద పెట్టెకి కనపడేంత మేర నాలుగు మూలలా నాలుగు క్యాలెండరు కాగితాలు గుచ్చి, అద్దం మీద చూశాడు. ఆ గదిలో తెరకీ పెట్టెకీ మధ్య ఎంత దూరం ఉంటుంది, చెయ్యి చాపితే తెర తగిలేంత. నాలుగు కాగితాలూ దేవుడి పటాల్లా వెలిగిపోయాయి. అయినా అనుమానం ఉండి జస్టిన్‌ని అడిగాడు.

"దగ్గర సరే. ఊరు దూరంగ ఉంటది గద. అప్పుడు గూడ సరిపోతదా?"

జస్టిన్ అతన్ని ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళి, ఎక్స్‌రే గొట్టానికుండే లైటు వేసి చూపించాడు. గొట్టం టేబులుకి దగ్గరగా ఉంటే కింద పడే వెలుగు చిన్నగా ఉంది. గొట్టాన్ని పైకి లాగితే వెలుగు టేబులంతా పరుచుకుంది.

"చూసినవా? దూరం పెరిగేకొద్ది వెలుగు పెరుగుతది. దగ్గర్నే సరిపోతే, దూరంల డబుల్ సరిపోతది."

రోజూ కళ్ళముందు చూసే సంగతి. దాన్ని కాదనే మొనగాడెవరు? సంసోను మనసు కుదుటపడింది. పెట్టెని ఇద్దరి చేత వీధిలోకి మోయించి, ఎదురుగా ఉన్న బస్టాండుని ఒక్కసారి అద్దం మీద చూసుకుని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. చూసుకోలేదు. మనకి కావాల్సిన జవాబు దొరికాక ఇంకోసారి అడగబుద్ధి కాదు. నాకూ కాదు, మీకూ కాదు, కానీ మనం మాట ఇవ్వలేదు కదా.

ఫోటో రోజు ఆదివారం. ప్రార్థన జల్దీ ముగించుకుని వాడవాళ్ళు ఉతికిన బట్టల్లో వచ్చారు. తండా నుంచి బిచ్యా అనే పెద్దమనిషి తనవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. అతని భార్య రూప్లి అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులతో, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. బడి మెట్ల ముందు కుర్చీలు వేశారు. కుర్చీల్లో వెంకటరామారావు గారు, ఆయన తమ్ముళ్ళు, పంతుళ్ళు. వెనక మెట్ల మీద వాళ్ళ ఇళ్ళవాళ్ళు. ఎడమవైపు వాడ నిలబడింది, కుడివైపు తండా. ఎవరూ ఎవరికీ చోటు చూపించలేదు. ఎవరి చోటు వాళ్ళ కాళ్ళకే తెలుసు. కుర్చీలకీ వాడకీ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత ఖాళీ. కుర్చీలకీ తండాకీ మధ్య కూడా అంతే ఖాళీ. పాత జాకెట్టు అరుగు మీద పెట్టేటప్పుడు వదిలే ఖాళీ అది. ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది కంటికి ఆనదు.

సంసోను కందకం ఒడ్డున పెట్టె నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకున్నాడు. అద్దం మీద ఊరు తలకిందులుగా దిగింది. వెంకటరామారావు గారు కుర్చీతో సహా తలకిందులుగా వేలాడుతుంటే కాస్త నవ్వొచ్చింది కూడా. బొమ్మ కుదిరేదాకా లెన్సుని లోపలికి నెట్టుకుంటూ వచ్చాడు. అక్క కుట్టిన సంచి మడతలు ఒకదాని మీదొకటి మూసుకున్నాయి. బొమ్మ కుదిరింది. నడుమ ఊరు అద్దంలా ఉంది. చూపు అంచులకి జరిపాడు. కుర్చీలు దాటాక నేల కనపడుతోంది, నేల దాటాక మనుషులు మసకలోకి పోతున్నారు. చివరనున్నవాళ్ళు లేరు.

గుడ్డ తీసి బయటికి చూశాడు. ఎండలో అందరూ ఉన్నారు. వాడ వరసలో చివరన సవరమ్మ ఉంది, విధవరాలు కనక చివరికి నిలబడింది. ఆ ఖాళీ అప్పుడు కనపడింది అతనికి, బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఆ ఖాళీ గనక మూసుకుంటే, వాడా తండా కుర్చీల పక్కకి వచ్చేస్తే, అందరూ వెలుగులోకి వస్తారు. ఒక్కరూ మిగలరు. లెన్సు మార్చక్కర్లేదు, చోటు మార్చక్కర్లేదు.

"లోపలికి జరుగుండ్రి, లోపలికి!" అని వాడవైపు చేతులూపాడు. వాళ్ళు అరడుగు జరిగి ఆగారు. ముందున్న పగిడయ్య, చర్చి పెద్ద, విసుక్కున్నాడు.

"ఇంకేడికి జరగాలె సంసోనూ? ఆళ్ళ మీద పడమంటవా?"

నిజమే, జరగమనాల్సింది వాళ్ళకి కాదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు పిలవాలి, లేదా కుర్చీలు జరిపి చోటివ్వాలి. ఆ మాట చెప్పాల్సింది ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళలో కలెక్టరు బంధువుల్ని కూడా "సార్, కొంచెం ఎడమకి" అని భుజం పట్టుకుని జరిపిన మనిషి ఇతను. సవరమ్మ అంత దూరం నుంచి అతనివైపే చూస్తోంది. సంసోను కుర్చీల ముందుకి నాలుగడుగులు వేశాడు.

"అయ్యా..."

"ఏంది సంసోనూ?" అన్నాడు వెంకటరామారావు గారు చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని. మంచిగానే అన్నాడు. కసురుకుని ఉంటే ఎదురు మాట వచ్చేదేమో.

"ఏం లేదయ్యా. మూత తీసినప్పుడు కదలకుండ్రి."

వెనక్కి నడుస్తూ తనకి తను చెప్పుకున్నాడు. పెట్టె అద్దం మీద మూలలు ఎప్పుడూ కాస్త మసగ్గానే ఉంటాయి. లెన్సు లోపల వెలుగు దూరే కన్ను బాగా చిన్నది చేస్తే వెలుగు అంచులకి పాకుతుంది, అందరికీ తెలిసిందే. జస్టిన్ చెప్పాడు, వీరన్న చూపించాడు. ఇంతమంది చెప్పాక కళ్ళతో చూసింది అబద్ధమే అయ్యుండాలి. కన్ను చిన్నది చేశాడు, ఫిల్ము పెట్టాడు, అందర్నీ ఊపిరి బిగపట్టమన్నాడు. లెన్సుకి పెట్టిన డబ్బామూత తీసి, మనసులో ప్రభువుని తలుచుకుని, మళ్ళీ మూశాడు. రెండో ఫిల్ము కూడా అలాగే తీశాడు. బిచ్యా వాళ్ళు చప్పట్లు కొట్టారు. రూప్లి పెట్టె దగ్గరికొచ్చి, "నేను పడ్డనా అన్నా?" అని అడిగింది. పడ్డావన్నాడు.

దవాఖానా చీకటి గదిలో ఎర్ర బల్బు కింద జస్టిన్, సంసోను ఫిల్ములు కడిగారు. కడిగి, ఎక్స్‌రేలు చూసే తెల్ల లైటు పెట్టెకి తగిలించారు. ఫిల్ము మీద అన్నీ తిరగేసి ఉంటాయి, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. నడుమ ఊరు ఉంది. రెండు చివరలా ఏమీ లేదు, ఖాళీ ఫిల్ములోంచి లైటు తెల్లగా వస్తోంది. జస్టిన్ చాలాసేపు దాన్ని జబ్బు చేసిన ఊపిరితిత్తుల్ని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత ఎక్స్‌రే గొట్టం దగ్గరికి పోయి, దాన్ని ఒకసారి పైకీ ఒకసారి కిందకీ లాగాడు.

"తప్పు చెప్పిన్రా," అన్నాడు. "వెలుగు పరుచుకునేది లెన్సుకీ ఫిల్ముకీ నడుమ దూరం పెరిగితే. మనుషులకీ లెన్సుకీ నడుమ పెరిగితే కాదు. గదిల దగ్గరిది తీసినవ్, అందుకని లెన్సు ముందుకొచ్చింది, వెలుగు పెద్దగైంది. ఊరు దూరంగ ఉంది, లెన్సు లోపలికి పోయింది, వెలుగు చిన్నగైంది. నేను తిరగేసి అనుకున్న."

జస్టిన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సంసోను అతని భుజం తట్టాడు. తప్పంతా జస్టిన్ మీద వేసుకోవచ్చు, స్నేహితుడు కాదనడు. కానీ మూత తీయకముందే తను అద్దం మీద చూసిన సంగతి జస్టిన్‌కి చెప్పలేదు.

కాగితం మీద దింపాక ఫోటో నిజంగా అద్భుతంగా ఉంది. కుర్చీల పక్కన ఖాళీ నేల రెండువైపులా స్పష్టంగా పడింది. అందులో గులకరాళ్ళు విడివిడిగా ఉన్నాయి. ఎవరో నమిలి పారేసిన వేపపుల్ల ఉంది, దాని పీచు కూడా తెలుస్తోంది. ఎద్దు గిట్ట గుర్తు ఉంది. ఆ నేల దాటాక, వెలుగు చచ్చిపోయేచోట, ఒకవైపు పగిడయ్య చెయ్యి, ఇంకోవైపు ఒక తెల్ల గాజుల చెయ్యి. ఆ తర్వాత నలుపు. ఆ గాజులు రూప్లివే అయ్యుంటాయని అతను అనుకుంటాడు. తండాలో గాజులు అందరికీ ఉన్నాయి.

మళ్ళీ తీద్దామని వెంకటరామారావు గారింటికి పరుగెత్తాడు. అప్పటికే తండా వాళ్ళ సామాన్లు ట్రాక్టర్లకి ఎక్కుతున్నాయి. ఆయన ఫోటో చూసి మురిసిపోయాడు.

"మళ్ళీ ఎందుకయ్యా? బ్రహ్మాండంగా వచ్చింది. మూలలు నల్లగా ఉన్నయ్ అంటావా, కోలగా అట్ట కత్తిరించి పెడితే సరి. పాతకాలం ఫోటో లెక్క అందంగా ఉంటది. ఊరు మొత్తం పడింది కదా."

"అవ్ అయ్యా," అన్నాడు సంసోను.

అట్ట అతనే కత్తిరించాడు. చేత్తో కత్తిరించినా చక్కగా వచ్చింది.

సవరమ్మ దగ్గరికి వెళ్ళడానికి మాత్రం అతనికి చాలా రోజులు పట్టింది. చెరువు వెనక కాలనీలో ఆమెకి రేకుల ఇల్లు ఒకటి వచ్చింది. గుమ్మంలో మిషను వేసుకుని కుడుతోంది. సంసోను అట్ట లేని ఫోటో చాప మీద పరిచాడు. ఆమె చేతులు తుడుచుకుని వంగి, వేలు పెట్టి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది.

"గిది బడి. గిది రావుగారు. గిది ఆయన చిన్న కోడలు, గా జాకెట్టు నేను కుట్టిందే. గిది నేల." వేలు నలుపు దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకొంచెం ముందుకి పోయి, కాగితం అంచు తగిలాక వెనక్కి వచ్చింది. "నేల మంచిగ పడ్డది తమ్ముడూ."

సంసోను గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. లెన్సు వేసే గుండ్రటి వెలుగు గురించి, వీరన్న చూపించిన పేపరు పేజీ గురించి, జస్టిన్ గొట్టం గురించి. పెద్ద లెన్సు పెట్టాల్సింది, దానికి జాగా లేకపోయింది. అంతా అయ్యాక ఆమె అంది.

"లెన్సు సంగతి నాకెరుక లేదు. నువ్వు కుర్చీల కాడికి వచ్చి 'అయ్యా' అన్నవ్. నేను ఇన్న. తర్వాతి మాట ఏమంటవో అని చూసిన."

రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు వినపడుతోంది. సంసోను అప్పుడు తట్టిన ఒక్క ఉపాయాన్ని పట్టుకున్నాడు.

"అక్కా, దగ్గర మనిషినైతే ఈ లెన్సు మంచిగ తీస్తది. మూల మూలకి వెలుగు వస్తది. నిన్ను ఒక్కదాన్ని కూసోబెట్టి, కాగితం నిండ తీస్త. నీ మొకంల ఒక్క గీత పోదు."

"నన్ను తియ్యమని నేనెప్పుడన్ననురా? నా మొకం నాకు తెల్వదా? ఊళ్ళె నేనున్నట్టు తియ్యమన్న."

ఫోటో చుట్టి అతని చేతికిచ్చింది. మిషను మీద ఉన్న గుడ్డ సర్దుకుంది. సూదిలో దారం ఎక్కించుకుంటూ, కళ్ళెత్తకుండా అంది.

"గా పెట్టెకి కుట్టిన గొడుగు గుడ్డలు ఇప్పి తెచ్చియ్యి. ఎవలవి ఆళ్ళకియ్యాలె. వానలు మొదలైతయి, రేకులు కారుతున్నయి."

మర్నాడు స్టూడియో తలుపు దగ్గరకి వేసి, సంసోను పెట్టెలోంచి సంచి ఊడదీసి, బ్లేడుతో కుట్లు విప్పాడు. ముందువైపు మడతలు కొన్ని నలిగి, గంజి ఊడి ఉన్నాయి. పెద్ద లెన్సు పెడితే సాగాల్సిన వెనక సగం మడతలు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. అక్క ఎలా కుట్టి ఇచ్చిందో అలాగే, కొత్తగా ఉన్నాయి.